బెండ్ల మూటలో ఉప్పు

పోయిన వారం స్రవంతిని మనం కొల్లాపూర్ బస్సులో, కిటికీ పక్కన, కొంగుతో కళ్ళు తుడుచుకుంటుండగా వదిలాం. ఆ ఉదయమే హైదరాబాద్‌లో, ల్యాబులో ఉన్నవాళ్ళందరి ముందూ ప్రొఫెసర్ దశరథం గారు ఆమె మూడేళ్ళ పనిని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. "నీ అంకెలు నమ్మేట్టు లేవమ్మా."

సంగతి ఇది. మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఒలిచాక మిగిలే బెండ్లను మన పాలమూరు రైతులు పొయ్యిలో పెడతారు, లేదంటే చేను గట్టున కుప్పపోసి కాలబెడతారు. ఆ బెండులో ఒక రకం చక్కెర దాగి ఉంటుంది. బెండు పొడిని నీళ్ళలో కలిపి, ఒక లోహపు ఉప్పు వేసి, గట్టిగా మూసిన ఉక్కు పాత్రలో వేడి చేస్తే ఆ చక్కెర బయటికొచ్చి, ఫర్‌ఫ్యూరాల్ అనే నూనెగా మారుతుంది. బాదం వాసన వేసే ఆ నూనె మందుల తయారీకీ, ఇంజిన్ ఆయిల్ శుద్ధికీ పనికొస్తుంది. దశరథం గారు ఏళ్ళ తరబడి క్రోమియం ఉప్పుతో ఆ పని చేశారు. నూనె బాగానే వచ్చేది. కానీ మిగిలిన నీళ్ళలో క్రోమియం ఉండిపోయేది. వాటిని ఎక్కడ పారబోయాలన్నది తెగని తంటా. పల్లెల్లో చెరువుల పక్కన పెట్టాల్సిన పనికి అది ఎలా పనికొస్తుంది?

స్రవంతి క్రోమియం మానేసి అల్యూమినియం క్లోరైడ్ వాడింది. అది మన పటికకు దగ్గరి చుట్టం. చాలాకాలం తంటాలు పడ్డాక, ఈ చలికాలంలో క్రోమియంతో వచ్చినంత నూనే దానితోనూ వచ్చింది. అత్తగారి ఊరు కోడేరు నుంచి తెచ్చుకున్న బెండ్లతో చేసిన పని అది. అదే పనిని ఆమె తర్వాత చేరిన మధు, వనపర్తి మార్కెట్లో కొన్న బెండ్లతో చేసి చూశాడు. సగం కూడా రాలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే.

"సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఈలోపు తేడా ఎక్కడొచ్చిందో చెప్పు. చెప్పలేకపోతే నీ పేపరు వెనక్కి తీసుకుందాం" అన్నారు దశరథం గారు. ఆయన కఠినుడు కాదు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

కోడేరులో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఫిబ్రవరి నెల. శెనగ చేలు పండుబారి ఉన్నాయి. భర్త వెంకటేష్ గద్వాలలో ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్, ఆదివారం గానీ ఇంటికి రాడు. గుమ్మంలో అత్త పెంటమ్మ ఒక్కతే ఉంది, చేటలో కందులు చెరుగుతోంది. కోడలిని చూసి చేట కింద పెట్టేసింది.

"ఏంది బిడ్డా, చెప్పకుండ వచ్చినవ్? మొకం గట్ల గుంజుకపోయిందేంది?"

"ఏం లేదత్తమ్మా. బెండ్లు తీస్కపోనీకె వచ్చిన."

పెంటమ్మ నీళ్ళు కాచింది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని, కోడలి పళ్ళెం వైపే చూసింది. ఆ చూపు స్పష్టంగా ఉంది ఇప్పుడు. నిరుడు ఎండాకాలంలో ఆమె రెండు కళ్ళకూ పొరలు కమ్మి, బావి అరుగు ఎక్కడుందో తడుముకునే స్థితికి వచ్చింది. వయసు మీద పడింది, ఇంతేలే అని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. స్రవంతి ఊరుకోలేదు. సెలవు పెట్టి, పాలమూరు దవాఖానకు తోలుకపోయి, ఆపరేషన్ చేయించి, కట్టు విప్పేదాకా పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక పెంటమ్మ మొట్టమొదట చేసిన పని బియ్యంలో రాళ్ళు ఏరడం. ఏరుతూ ఏరుతూ ఏడ్చింది.

తెల్లవారి స్రవంతి కొట్టంలోకి వెళ్ళింది. మూలకు బెండ్ల మూటలు పేర్చి ఉన్నాయి. పైమూట విప్పి చేయి పెట్టింది. బెండ్లు గలగలమన్నాయి, ఒక్కదానికీ పురుగు లేదు. కిటికీ సందులోంచి ఎండ సూటిగా మూట మీద పడుతోంది. సంచి లోపలి పోగుల మీద ఏవో సన్నటి రవ్వలు మెరిశాయి.

వేలితో అద్దింది. రసాయనశాస్త్రం చదివినవాళ్ళు ఎన్నడూ చేయకూడని పని చేసింది. నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

ఇంకో మూట విప్పింది. అందులోనూ ఉప్పే. ఇంకోటి. అదీ ఉప్పే. అన్ని నెలలూ తాను పొడిచేసి, తూచి, వేడిచేసింది శుద్ధమైన బెండు కాదు. అందులో ఏముందో తెలుసుకోకుండానే అంకెలు వేసి, పేపరు రాసి, అందరికీ చూపించింది. దశరథం గారు అన్నది నిజమే. ఆ అంకెలు నమ్మదగ్గవి కావు.

"అత్తమ్మా!"

ఆ కేకకు పెంటమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఈ మూటలల్ల ఉప్పు ఎవరేసిండ్రు?"

పెంటమ్మ మూటను చూసింది, కోడలిని చూసింది. "నేనే ఏసిన బిడ్డా."

"ఎందుకేసినవ్?"

"పురుగు పడ్తదని..."

"నన్ను అడగొద్దా? ఒక్క మాట చెప్పొద్దా? నువ్వు ఏం చేసినవో తెలుసా అత్తమ్మా? మూడేండ్ల పని! అందరి ముంగట నన్ను దొంగను జేసిండ్రు. నేను అంకెలు దిద్దిన అనుకుంటుండ్రు!"

తన గొంతు అంత పైకి లేస్తుందని స్రవంతికే తెలియదు. పెంటమ్మ గోడకు ఆనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పశువులకు నీళ్ళు పెడుతున్న మామ శంకరయ్య బకెట్ అక్కడే దించి కొట్టం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మాట తక్కువ మనిషి.

"ఏమైందమ్మా?"

 పెంటమ్మే కొంగు తీసి చెప్పింది. 

"నువ్వు పోయిన దీపావళికి వచ్చినప్పుడు, పురుగు వట్టిన బెండ్లు పొద్దంత ఏరుకుంట కూసున్నవ్. చేతులు కొట్టుకపోయినయ్. నాకు కండ్లిచ్చిన పిల్ల, నా ఇంట్ల కూసోని గిట్ల పరేషాన్ అవుతుంటె పానం ఆగలేదు. చింతపండుకు కలిపినట్లు రెండు దోసిళ్ళ దొడ్డుప్పు నీళ్ళల్ల కలిపి బెండ్ల మీద చల్లిన. ఎండకు ఆరవోసి మూట గట్టిన. నువ్వే అంటివి గద, ఉప్పేసి ఉడకబెడ్తమని? ఉప్పైతె నీ పనికి అడ్డం రాదనుకున్న. నాకు ఏ ఉప్పో ఏం తెల్వదు బిడ్డా. తప్పైతె కొట్టు. గంతే గాని, నువ్వు ఏడ్వకు."

స్రవంతి ఏడవడం లేదు. అత్త అన్న ఒక మాట దగ్గరే ఆమె మనసు ఆగింది. ఉప్పైతే నీ పనికి అడ్డం రాదనుకున్న.

అడ్డం రాలేదు. నిజంగానే రాలేదు. కోడేరు బెండ్లకు నూనె తగ్గలేదు, పెరిగింది. మధు బెండ్లలో ఉప్పు లేదు, నూనె రాలేదు. ఇన్ని రోజులుగా అందరూ తేడా ఎక్కడా అని వెతుకుతున్నారు. ఆ తేడా తన వేలి మీదే మెరుస్తోంది. వంటింటి ఉప్పంటే సోడియం, క్లోరైడ్. నీళ్ళలో పడ్డాక ఆ క్లోరైడ్ ఊరుకుంటుందా? అల్యూమినియం పక్కన నిలబడి, చక్కెర నుంచి నీటిని లాగెయ్యడానికి చేయి కలిపి ఉంటే?

ఆలోచన అక్కడికి చేరేసరికి ఆమెకు తల తిరిగినట్లయింది. వెంటనే మరో ఆలోచన వచ్చి చల్లబరిచింది. ఇది కోరిక కావచ్చు. తప్పు బయటపడ్డ మనిషి దాన్ని ఒప్పు చేసుకోవాలని చూస్తోంది కావచ్చు. చేసి చూస్తే గానీ తెలియదు.

గోడ దగ్గర పెంటమ్మ ఇంకా అలాగే నిలబడి ఉంది. స్రవంతి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తమ్మా, జర నన్ను మాఫ్ చెయ్యి. నీ మీద ఒర్రిన. ఇంకొక మూట గావాలె నాకు. ఒక గిన్నెల నీ ఉప్పు గూడ."

"అదెందుకు మళ్ళ?"

"చూసొచ్చి చెప్త."

శంకరయ్య ఏమీ అడగకుండా మూట భుజాన వేసుకుని బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు.

నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీలో జయశ్రీ కెమిస్ట్రీ లెక్చరర్. ఎమ్మెస్సీలో స్రవంతికి బెంచీ నేస్తం. ఆ రోజు ప్రాక్టికల్స్ లేవు, ల్యాబు ఖాళీగా ఉంది. స్రవంతి చెప్పిందంతా విని, నవ్వాలో వద్దో తేల్చుకోలేక తాళాల గుత్తి అందుకుంది.

"నీ అత్త నీకు ఉప్పు పెట్టిందన్నమాట."

"నవ్వకే. నా కొంప మునిగిందో తేలిందో మాపటికి తెలుస్తది. దార్ల మార్కెట్ కాడ బెండ్లు కొన్న. అవి ఉప్పు చూడని బెండ్లు."

స్రవంతి హైదరాబాద్ ల్యాబు నుంచి వెంట తెచ్చుకున్న మూడు చిన్న ఉక్కు పాత్రలను బ్యాగులోంచి తీసింది. ఒక్కొక్కటి గుప్పిట్లో పట్టేంత. మూత మర బిగిస్తే ఆవిరి కూడా బయటికి రాదు. మొదటిదానిలో మార్కెట్లో కొన్న బెండు పొడి వేసింది. రెండోదానిలో అదే మార్కెట్ బెండు, దానికి తోడు పెంటమ్మ ఇచ్చిన ఉప్పు. మూడోదానిలో కోడేరు బెండు, కానీ ఉప్పంతా వదిలిపోయేదాకా మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పొడి చేసింది. మూడింటిలోనూ అల్యూమినియం క్లోరైడ్ ఒకే కొలత, నీళ్ళు ఒకే కొలత.

"మూడోది ఎందుకు?" అంది జయశ్రీ.

"గుణం బెండుదా, ఉప్పుదా అని తేల్చనీకె. మా చేను మట్టిలోనే ఏదో ఉన్నదనుకో, కడిగినా నూనె వస్తది. ఉప్పుదే అయితే కడిగినంక రాదు."

గిన్నెలో కాగుతున్న మామూలు నూనెలో మూడు పాత్రల్నీ దించారు. థర్మామీటర్ మీద ఇద్దరి కళ్ళూ ఉన్నాయి. వేడి పెరిగి ఒకచోట నిలిచింది. ఇక చేయడానికేమీ లేదు. జయశ్రీ టిఫిన్ డబ్బా విప్పింది. స్రవంతి ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయింది. కిటికీ బయట బస్టాండు వైపు ఆటోవాళ్ళు కేకలు వేస్తున్నారు.

సమయం అయ్యాక పాత్రలు తీసి చల్లార్చారు. మొదటి మూత తీస్తే సన్నగా బాదం వాసన వచ్చింది. రెండో మూత తీసేసరికి జయశ్రీ వెనక్కి తగ్గి తుమ్మింది. గది గదంతా బాదం పలుకులు నూరినట్లు ఘుమ్మంది. మూడోది మళ్ళీ సన్నగానే ఉంది.

"వాసన సాక్ష్యం కాదు" అంది స్రవంతి. తనను తాను పట్టుకుని ఆపుకుంటోంది. "కాగితం తడుపు."

ఫర్‌ఫ్యూరాల్‌ను పట్టిచ్చే పాత పద్ధతి ఒకటుంది. అనిలిన్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో వడకట్టే కాగితాన్ని తడిపి, దానిమీద చుక్క వేస్తే రంగు తిరుగుతుంది. నూనె ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. మూడు పాత్రల్లోని ద్రవాన్నీ ఒకే పాళ్ళలో నీళ్ళతో పలచన చేసి, మూడు కాగితాల మీద ఒక్కో చుక్క వేశారు.

మొదటి కాగితం లేత గులాబీ అయింది. మూడోది కూడా అంతే, ఇంకాస్త లేత.

రెండో కాగితం మాత్రం చూస్తుండగానే ఎర్రబడి, ఇంకా ఎర్రబడి, గద్వాల చీర కొంగులో కనిపించే ముదురు ఎరుపులో ఆగింది.

జయశ్రీ "అబ్బ!" అంది. స్రవంతి బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో జయశ్రీకి అర్థం కాలేదు. తన వేలితో రుచి చూసిన ఆ రవ్వ, పెంటమ్మ చింతపండులో వేసే ఆ దొడ్డుప్పు, క్రోమియం చేసే పనిని పటిక చుట్టం చేత చేయించింది. మిగిలిన నీళ్ళలో ఇక భయపడాల్సిన క్రోమియం లేదు. మరిన్నిసార్లు చేయాలి, సరైన యంత్రం మీద కొలవాలి, ఆ పని హైదరాబాద్‌లోనే కావాలి. కానీ దారి దొరికింది. తాను అబద్ధం చెప్పలేదు. ఒక నిజాన్ని తెలియకుండా వెంట మోసుకు తిరిగింది, అంతే.

కాలేజీ ముందున్న ఎస్టీడీ బూత్ నుంచి దశరథం గారికి ఫోన్ చేసింది. ఆయన చివరిదాకా విన్నారు. 

"కడిగిన బెండుతో కూడా చేశావా?"

"చేశాను సార్. రాలేదు."

"మంచి పని చేశావు. నేనైతే ఆ మూడో పాత్ర సంగతి మరిచిపోయేవాణ్ణేమో." ఆయన గొంతు మెత్తబడింది. "నిన్న అందరి ముందూ అలా మాట్లాడి ఉండకూడదమ్మా. వేరుగా పిలిచి అడగాల్సింది. మనసులో పెట్టుకోకు."

"మీరు అలా అనకపోతే నేను ఆ మూట విప్పేదాన్ని కాదు సార్" అంది స్రవంతి. మర్యాదకు అన్నది కాదు. ఆ క్షణంలో ఆయన మీద కూడా ఆమెకు కృతజ్ఞతే కలిగింది.

"సరే, ఒక చిక్కుంది. కమిటీ వాళ్ళు నన్ను అడిగేది ఒకటే. ఉప్పు ముందే నువ్వే కలిపి, ఇప్పుడు దొరికిపోయాక అత్తగారి పేరు చెబుతున్నావంటే? ఆవిడను తీసుకురా. ఏం చేసిందో ఆవిడ నోటితోనే చెప్పనీ. ఇంకో మాట. ఇది నిలబడితే పేపరు చివర కృతజ్ఞతల్లో ఆవిడ పేరు ఉండాలి. నా పేరు కన్నా ముందు."

సాయంత్రం బస్సులో స్రవంతి నిలబడే ప్రయాణం చేసింది. కాళ్ళు నొప్పి పుట్టినట్లు కూడా తెలియలేదు. ఇంటికి వచ్చి, ఆ ఎర్ర కాగితాన్ని పుస్తకం మధ్యలోంచి తీసి పెంటమ్మ అరచేతిలో పెట్టింది.

"ఏందిది?"

"నీ ఉప్పు చేసిన పని అత్తమ్మా. నువ్వు ఆ ఉప్పు ఎయ్యకపోతే ఇది నాకు ఈ జన్మల దొరికేది గాదు. నువ్వు నా పని చెడగొట్టలేదు. నువ్వే చేసి పెట్టినవ్."

పెంటమ్మ కాగితాన్ని దీపం దగ్గరికి పట్టి చూసింది. తిప్పి వెనకవైపు చూసింది. "మంచిగున్నది రంగు" అంది. అర్థం కాలేదని ఆమె ముఖం చెబుతోంది. కోడలు సంతోషంగా ఉందన్నది మాత్రం అర్థమైంది, ఆమెకు అది చాలు. "నాకు కండ్లు ఇప్పిచ్చినవ్. నేను దోసెడు ఉప్పు ఇచ్చిన. ఇంకా బాకీ ఉన్న గని నీకు."

"బాకీ ఏంది అత్తమ్మా! నీకు నేనే దండం పెట్టాలె." స్రవంతి వంగి ఆమె కాళ్ళు తాకింది. పెంటమ్మ కంగారుగా లేపి, కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. ఆమె చీర ఎండిన మిరపకాయల ఘాటు వాసన వేస్తోంది. ఆ వాసనలో మూడేళ్ళ అలసట ఎక్కడికో పోయింది.

శంకరయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. అతని ముఖంలో కూడా సన్నటి నవ్వు ఉంది. ఆ ధైర్యంతోనే స్రవంతి అసలు సంగతి చెప్పింది.

"సోమవారం నాతోని హైదరాబాద్ రావాలె అత్తమ్మా. మా సార్లు అడుగుతరు, నువ్వు నాకు చెప్పినట్లే వాండ్లకు చెప్తే సాలు. పొద్దున పోయి మాపటికి వస్తం."

పెంటమ్మ చేయి కోడలి వీపు మీద ఆగిపోయింది.

అరుగు మీది నవ్వు మాయమైంది. "ఆమె హైదరాబాద్ రాదు" అన్నాడు శంకరయ్య.

"ఒక్క పొద్దే మామా. పక్కనే ఉంట నేను."

"రాదన్న గద. ఏమన్న జెయ్యి, కాయితం మీద ఏలిముద్ర పెట్టిచ్చుకపో. ఆ ఊరికి మాత్రం పోదు."

స్రవంతి విస్తుపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మామ గొంతులో ఆ కరుకుదనం ఆమె వినలేదు. పొద్దుననే తన మూట మోసిన మనిషి, కోడలు చదువుకుంటోందని ఊరంతా చెప్పుకున్న మనిషి. అత్త వైపు తిరిగింది.

పెంటమ్మ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కోడలి చేతికి ఇచ్చింది. కొంగు సర్దుకుంది. భర్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేను పోత" అంది.

"పెంటీ!"

"నువ్వు పోవద్దంటె ఇన్నేండ్లు ఆగిన. ఈ పిల్ల కోసం పోత."

శంకరయ్య లేచి నిలబడ్డాడు.  అతని ముఖంలో ఉన్నది కోపం కాదు, భయం. స్రవంతి ఉన్న సంగతి కూడా మరిచిపోయినట్లు, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఊర్ల నీ బిడ్డ ఎదురైతె ఏం జెప్తవే?"

స్రవంతికి తెలిసినంతవరకూ ఆ ఇంట్లో వెంకటేష్ ఒక్కడే సంతానం.